వాగుకు అవతలి గట్టున

మా ఆయన గురజాల హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. మా పెళ్ళయి ఏడాది నిండకముందే ఆయన్ని స్కౌటు మాస్టరు శిక్షణకని మద్రాసు పంపారు. యుద్ధం ముగిసిన మరుసటి వేసవి అది. నెల రోజుల తర్వాత వెడల్పాటి అంచున్న టోపీ, మెడలో తాడుకు వేలాడే ఈల, చంకలో రెండు చిన్న జెండాలతో రైలు దిగారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో తాడు కనిపిస్తే చాలు, దానికొక కొత్త ముడి. చేదతాడుకు ఆయన వేసిన ముడి ఎంతకూ ఊడక మా అత్తమ్మ కొడవలితో కోసేసింది.

ఆ జెండాలతో ఇంగ్లీషు అక్షరాలు చూపించేవారు. చెయ్యి ఇట్లా పెడితే ఒక అక్షరం, అట్లా పెడితే ఇంకొకటి. దూరంగా ఉన్నవాళ్ళతో కేకలు వెయ్యకుండానే మాట్లాడవచ్చట. పెరట్లో నిలబడి నాకు నేర్పబోయేవారు. నేను వంటింటి గుమ్మంలో కూర్చుని మినప్పప్పు ఏరుకుంటూ చూసేదాన్ని. మిషను బళ్ళో ఎనిమిదో క్లాసు చదివాను కాబట్టి అక్షరాలు తెలుసు. కానీ ఆ చేతులు తిప్పడం చూస్తే నాకు పొలంలో పిట్టల్ని తోలేవాళ్ళు గుర్తొచ్చి నవ్వు ఆగేది కాదు.

చలికాలంలో పిల్లల్ని ఎత్తిపోతల దగ్గరికి తీసుకెళ్ళి, అడవిలో నడిపించి, గుడారాల్లో పడుకోబెట్టాలని ఆయన ఆలోచన. అంతకుముందు చోటు చూసి రావాలి. దసరా సెలవులిచ్చారు. ఒక్కరే వెళ్ళివస్తారనుకున్నాను.

"మీరిద్దరూ రండి. రెండు రాత్రులు. ఆడవాళ్ళు ఉండగలిగితే పిల్లలు ఉండలేరా?" అన్నారు.

నేను నరసరావుపేటలో పుట్టిన మనిషిని. బిందెలో, బావిలో తప్ప నీళ్ళెరగను. ఇంటి కప్పు లేకుండా ఒక్క రాత్రి పడుకున్నదాన్ని కాదు. అత్తమ్మ ఒప్పుకోదులే అని ధైర్యంగా ఉన్నాను. ఆవిడ వయసులో ఉన్నప్పుడే భర్త పోతే, మిషను వాళ్ళ దగ్గర బైబిలు చెప్పే పనిలో చేరి, పల్లెపల్లెకూ కాలినడకన తిరిగి ఒక్కగానొక్క కొడుకుని చదివించుకుంది. ఇక తిరిగింది చాలంటుందనుకున్నాను.

"ఎత్తిపోతల పేరు వినడమే గానీ చూసింది లేదు. పోదాం పదరా," అంది ఆవిడ.

మాచర్ల దాకా రైలు. అక్కడి నుంచి ఎద్దుల బండి. బండివాడు మా సామాను చూసి, డేరా గుడ్డ చూసి, "ఆడ మీకు పనేందయ్యా?" అని అడిగాడు.

"పనేం లేదు. ఊరికే నడవడానికి, రెండు రోజులు ఉండడానికి."

బండివాడు మా అత్తమ్మ వైపు జాలిగా చూశాడు. జలపాతానికి ఇంకా కొంత దూరం ఉండగానే మా ఆయన బండి ఆపించి మమ్మల్ని దింపేశారు. అక్కడి నుంచి నడిస్తేనే అడవి తెలుస్తుందట. ఎల్లుండి పొద్దున వచ్చి తీసుకెళ్ళమని బండిని పంపేశారు. చక్రాల చప్పుడు వినిపించకుండా పోయేసరికి నేను అత్తమ్మకు దగ్గరగా జరిగాను. చుట్టూ బలుసు పొదలు, చండ్ర చెట్లు, ఎర్రమట్టిలోంచి పైకి తేలిన నాపరాళ్ళు. మనిషి జాడ లేదు. ఆయన మాత్రం ఈల వేసుకుంటూ ముందు నడుస్తున్నారు. వెనక అత్తమ్మ, నెత్తిన వంటసామాను మూట. మధ్యలో నేను, ప్రతి పొదనూ చూసుకుంటూ.

జలపాతానికి ఎగువన, వాగు గట్టున రెండు పెద్ద మద్దిచెట్ల మధ్య గుడారం వేశాం. నీళ్ళు అప్పుడు మోకాటి లోతే. అడుగున పరుపుబండలు కనిపించేంత తేటగా ఉన్నాయి. దిగువన నీళ్ళు లోయలోకి దూకే హోరు మాత్రం ఎడతెగకుండా వినిపించేది. ఒకరితో ఒకరం మాట్లాడాలంటే దగ్గరికి వెళ్ళి చెప్పుకోవాలి. ఆ రాత్రి గడిచింది. నేను నిద్రపోయానని చెప్పలేను గానీ, గడిచింది.

తెల్లవారి జొన్నరొట్టె, చింతకాయ తొక్కు తిన్నాక, "అవతలి గట్టు మీద నుంచి లోయ బాగా కనిపించేట్టుంది. పిల్లల్ని ఆ దారిన తిప్పొచ్చేమో చూసొస్తా. మధ్యాహ్నం అన్నానికి వస్తాను," అని ఆయన నిక్కరు తడవకుండానే వాగు దాటిపోయారు. టోపీ, ఈల, నడుముకు చుట్టిన జెండాలు. అవతలి గట్టెక్కి వెనక్కి తిరిగి చెయ్యి ఊపారు.

ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎండ చుర్రుమంటోంది. నేను బండ మీద గుడ్డలు ఉతుక్కుంటున్నాను. తేటగా ఉన్న నీళ్ళలో సన్నటి ఎర్రటి చార ఒకటి కదలడం చూశాను. ఎగువన ఎక్కడో పశువులు దిగాయేమో అనుకున్నాను. కాసేపటికి నీళ్ళన్నీ బురద రంగయ్యాయి. ఎండుటాకులు, పుల్లలు, ఆ తర్వాత వేళ్ళతో సహా ఒక రేగుచెట్టు కొట్టుకొచ్చింది. నేను గుడ్డలు వదిలేసి గట్టెక్కాను. నేను కూర్చున్న బండ నా కళ్ళముందే మునిగిపోయింది. ఎగువన కొండల్లో ఎక్కడో వాన కురిసింది. ఆ నీళ్ళు అప్పటికి మా దగ్గరికి చేరాయి.

"అత్తమ్మా!" అని అరిచాను. హోరులో ఆవిడకు వినపడలేదు. పరుగెత్తుకెళ్ళి భుజం పట్టుకుని చూపించాను.

ఆవిడ గరిటె చేత్తోనే గట్టు మీదికొచ్చింది. నీళ్ళకేసి చూసింది, అవతలి గట్టుకేసి చూసింది. "వాడు యాడున్నాడే?" అంది.

ఆయన అప్పుడే అవతలి గట్టు మీదికి పరుగెత్తుకుంటూ వచ్చారు. పొద్దున నడుచుకుంటూ దాటిన వాగు ఇప్పుడు మా మధ్య పొంగుతోంది. నోటి చుట్టూ చేతులు పెట్టుకుని ఆయన ఏదో అరిచారు. నోరు తెరుచుకోవడం కనిపించింది, మాట రాలేదు. ఈల ఊదారు. అదీ హోరులో కలిసిపోయింది. అప్పుడు నడుముకున్న జెండాలు విప్పి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, చేతులు తిప్పడం మొదలుపెట్టారు.

"ఏమంటున్నాడే?"

"తెలియడం లేదత్తమ్మా."

"చదువుకున్నావుగా. నీకు చూపిస్తా ఉండేవాడుగా పెరట్లో."

నేను కళ్ళు చిట్లించి చూశాను. పక్కకు ఒక చెయ్యి, పైకి ఒక చెయ్యి. మళ్ళీ రెండూ కిందికి. అందులో ఒక్క అక్షరం కూడా నాకు అందలేదు. ఆయన ఆపి, మేం అర్థమైనట్టు ఏదైనా సైగ చేస్తామేమోనని చూసి, మళ్ళీ మొదటినుంచి అదే చూపించేవారు. వస్తున్నానంటున్నారో, రావద్దంటున్నారో. ఆ చేతులు ఆగినప్పుడల్లా నేను ఆయన కాళ్ళ వైపు చూసేదాన్ని. ఎక్కడ నీళ్ళలోకి దిగుతారోనని.

ఆయనకు ఈత రాకపోతే నాకంత భయం ఉండేది కాదు. గురజాలలో దిగుడుబావి గట్టు మీద నుంచి దూకి, మునిగి, అవతల తేలే మనిషి. ఆ ఈత మీద ఆయనకు చాలా నమ్మకం. కానీ బావిలో నీళ్ళు నిలిచి ఉంటాయి. ఇక్కడ కాలు జారితే కాస్త దిగువన లోయ. ఆ లోయ కింది మడుగులో మొసళ్ళుంటాయని రైలు పెట్టెలో ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను. ఆ మాట అప్పుడు గుర్తొచ్చింది.

నేను రెండు చేతులూ అడ్డంగా ఊపాను. దిగొద్దు, దిగొద్దు అని. ఆయన అంతకంటే గట్టిగా ఊపారు. ఇలా ఎంతసేపు జరిగిందో. చివరికి ఆయన జెండాలు నేలకేసి కొట్టారు. గట్టు మీద నుంచి వెనక్కి తిరిగి, వెనకున్న మిట్ట పైకి నడిచారు. పైకెక్కి మా వైపు తిరిగి చూశారు. మళ్ళీ కిందికి వచ్చారు. ఈసారి వంగి ఒక రాయి ఎత్తుకుని, దాన్ని మూటలా నెత్తిన పెట్టుకుని, మళ్ళీ పైకెక్కారు. పైన దింపారు. మా వైపు చూశారు.

"అయ్యో, పైకి పొమ్మంటున్నారు! సామాను తీసుకుని పైకి పొమ్మంటున్నారత్తమ్మా!" అన్నాను.

వెనక్కి చూస్తే నీళ్ళు గుడారం మేకుల దగ్గరికి వచ్చేశాయి. అంతసేపూ ఆయన్నే చూస్తూ నిలబడిన మేం మా కాళ్ళ దగ్గర ఏం జరుగుతోందో చూసుకోలేదు. అత్తమ్మ పొయ్యి మీదున్న అన్నం గిన్నెను చీరకొంగుతో పట్టుకుని మా వెనకున్న మిట్ట వైపు నడిచింది. నేను గుడారం తాళ్ళు విప్పాను. వాటికి వేసిన ముడులు ఒక్క గుంజుకు ఊడొచ్చాయి. డేరా గుడ్డ తడిసి ఎంత బరువెక్కిందంటే, ఇద్దరం కలిసి ఈడ్చినా అంగుళం అంగుళం కదిలింది. ముళ్ళకు పట్టుకుని చిరిగింది. మిట్ట మీదికి చేరి తిరిగి చూసేసరికి మా పొయ్యి రాళ్ళున్న చోట నీళ్ళు సుడి తిరుగుతున్నాయి.

నేను ఆయన వైపు చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. ఆయన బండ మీద కూలబడ్డారు. కాసేపు మోకాళ్ళ మీద తల పెట్టుకుని అలాగే ఉండిపోయారు. తర్వాత లేచి, ఎగువ వైపు చెయ్యి చూపించి, ఆ దారిన పొదల్లోకి వెళ్ళిపోయారు.

"యాడికే పోతున్నాడు?"

"ఎగువకు. అటు తిరిగి వస్తారేమో."

"ఎగువన ఏముంది?"

నాకు తెలియదు. మాచర్ల ఎగువనే ఉంది. కానీ ఎంత దూరం నడిస్తే వస్తుంది, అక్కడైనా దాటే వీలుందా లేదా, ఇవేవీ తెలియవు. దారిలో వాగు కాస్త వెడల్పుగా, నెమ్మదిగా కనిపిస్తే అక్కడే దిగిపోయే మనిషని మాత్రం తెలుసు.

కనిపించినంతసేపూ భయమే అనుకున్నాను గానీ, కనిపించకుండా పోయాక తెలిసింది అసలు భయమేమిటో. చిరిగిన డేరాను ఇద్దరం కలిసి మిట్ట మీదే ఎలాగో నిలబెట్టాం. అత్తమ్మ మూడు రాళ్ళు పేర్చి చల్లారిపోయిన అన్నాన్ని మళ్ళీ ఉడికించింది. పప్పు చేసింది. ముగ్గురికి సరిపడా చేసింది. ఆయన వాటా గిన్నెలో తీసి, పైన మూత పెట్టి, మూత మీద రాయి పెట్టింది. "తిను," అంది నాతో. నేను అన్నం కెలుకుతూ కూర్చున్నాను. ఆవిడ మాత్రం వంచిన తల ఎత్తకుండా తింది. కొడుకు అట్లా ఉంటే ఈవిడకు అన్నం ఎట్లా సహిస్తోందా అని నాకు కోపం కూడా వచ్చింది.

పొద్దు వాలుతున్నప్పుడు నేను మిట్ట అంచున నిలబడి ఎగువకు చూస్తున్నాను. అత్తమ్మ నా వెనక పుల్లలు విరుస్తోంది. నురగలో ఏదో గుండ్రంగా తిరుగుతూ వచ్చింది. ముందు విస్తరాకు అనుకున్నాను. దగ్గరికొచ్చాక వెడల్పాటి అంచు కనిపించింది. ఖాకీ రంగు. ఒకసారి బోర్లా పడి, మళ్ళీ వెల్లకిలా తిరిగి, మా ముందు నుంచే లోయ వైపు కొట్టుకుపోయింది.

నేను అరవలేదు. అరిస్తే అది నిజమైపోతుందనిపించింది. చీర కుచ్చిళ్ళు పిడికిట్లో పట్టుకుని అలాగే నిలబడ్డాను. వెనక్కి తిరిగితే నా మొహం చూసి ఆవిడ కనిపెట్టేస్తుంది. ఉన్నది ఒక్క కొడుకు. నేనేం చెప్పను? "అత్తమ్మా, చలేస్తోంది, నేను గుడారంలో ఉంటా," అని మొహం పక్కకు తిప్పుకుని లోపలికి వెళ్ళి పడుకున్నాను.

చీకటి పడ్డాక ఆవిడ లాంతరు తెచ్చి లోపల పెట్టి ప్రార్థనకు కూర్చుంది. రోజూ ఇంట్లో చేసే ప్రార్థనే. పక్కింటి వాళ్ళ చంటిబిడ్డ జ్వరం తగ్గాలంది. బియ్యం రేషను కష్టం తీరాలంది. రైల్లో మాకు చోటిచ్చిన ముసలాయన్ని చల్లగా చూడమంది. బండివాణ్ణి, వాడి ఎద్దుల్ని కూడా తలుచుకుంది. కొడుకు మాట మాత్రం ఎత్తలేదు.  ఆమెన్ అని లాంతరు వత్తి తగ్గించింది. కాసేపటికి నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.  

మర్నాడు తెల్లవారేసరికి వాగులో వరద తీసింది. గట్టు పొడుగునా బురద, చెట్లకు వేలాడుతున్న చెత్త. ఇద్దరం గట్టు వెంట దిగువకు నడిచాం.  పొదలన్నీ చూశాం. బండల సందులు చూశాం. లోయ అంచు దగ్గర పడ్డాక నేను ఒక చెట్టు పట్టుకుని నిలబడిపోయాను. "నువ్వాగు, నేను చూస్తా," అని అత్తమ్మ ఒక్కతే అంచుదాకా వెళ్ళి కిందికి తొంగిచూసింది. చాలాసేపు చూసింది. వెనక్కి తిరిగి తల అడ్డంగా ఊపింది.

మేం తిరిగి గుడారం దగ్గరికి వచ్చేసరికి బండి గంటల మోత వినపడింది. బండివాడి పక్కన తలకు తువ్వాలు చుట్టుకుని ఎవరో కూర్చుని ఉన్నారు. బండి ఇంకా ఆగకముందే దూకి మా వైపు పరుగెత్తుకుంటూ వచ్చారు. నేను ఉన్నచోటే కూర్చుండిపోయాను.

అత్తమ్మ ఎదురు వెళ్ళింది. కావలించుకుంటుందేమో అనుకున్నాను. చెంప మీద ఒకటిచ్చింది. హైస్కూలు మాస్టర్ని, బండివాడి ముందు. 

"టోపీ ఏదిరా?" అని అడిగింది.

"గాలికి పోయిందమ్మా."

"గాలికి పోతే నీళ్ళల్లో ఎట్టా వచ్చిందిరా?"

నేను ఉలిక్కిపడి ఆవిడ వైపు చూశాను. ఆవిడ నా వైపు తిరిగింది. "నువ్వూ చూశావా?" అంది. తల ఊపాను. "నువ్వు చూళ్ళేదనుకున్నానే నేను. అందుకే ఊరుకున్నా," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ పెదవులు అదిరాయి. నిన్నటి నుంచి మొదటిసారి.

అప్పుడు ఆయన చెప్పారు. ఎగువన ఒక చోట వాగు వెడల్పుగా పారుతుంటే లోతుండదనుకుని దిగారట. ఛాతీదాకా వచ్చాక కింద కాలు ఆనలేదు. నీళ్ళు లాక్కుపోతుంటే మునిగి ఉన్న తుమ్మకొమ్మ ఒకటి చేతికి దొరికింది. దాన్ని పట్టుకుని దిగిన గట్టుకే తిరిగి చేరారు. టోపీ పోయింది. ఆ తర్వాత ఇక నీళ్ళ జోలికి పోకుండా, మాచర్ల దాకా నడిచి, వంతెన మీద వాగు దాటి, బండివాడి ఇల్లు వెతుక్కుని వాకిట్లో కూర్చున్నారట. చీకట్లో ఆ దారిన బండి కట్టనన్నాడట వాడు. రెండు అరచేతులూ చూపించారు. ముళ్ళు చీరిన గాట్లు, ఇంకా కొన్ని ముళ్ళు లోపలే ఉన్నాయి.

అత్తమ్మ బండి మీద కూర్చుని దారి పొడుగునా పిన్నీసుతో ఆ ముళ్ళు తీసింది. ఆయన మూలుగుతుంటే, "ఊరుకో, ఊరుకో," అని కసిరింది. గిన్నెలో దాచిన అన్నం పాచిపోయింది. అయినా తింటానన్నారు. ఆవిడ ఒప్పుకోక ఎద్దులకు పెట్టింది.

బండివాడితో ఆయన వరద గురించి, దారి గురించి మాట్లాడుతూనే ఉన్నారు. చలికాలంలో నీళ్ళు తగ్గుతాయి కదా, అప్పుడు పిల్లల్ని తెస్తే భయం లేదంటున్నారు. నేను ఆ మాటలు వింటున్నాను గానీ నాకేమీ అనిపించలేదు. ఏడుపు లేదు, సంతోషం లేదు. ఆయన మోచెయ్యి నా మోకాలికి తగులుతోంది. అది నిజంగా తగులుతోందా అని మాటిమాటికీ చూసుకుంటున్నాను.

మాచర్ల స్టేషన్లో రైలు ఇంకా రాలేదు. ఆయన గుడ్డ చుట్టుకున్న చేతులతోనే కాఫీ గ్లాసు పట్టుకొచ్చి నాకిచ్చారు. వేడిగా ఉంది. ఒక గుక్క తాగాను. అంతే, ఎక్కడి నుంచి వచ్చిందో, ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. గ్లాసులో కాఫీ ఒలికి చీర మీద పడింది. ప్లాట్‌ఫారం మీద జనం తిరిగి చూశారు. ఎవరో ఒకావిడ దగ్గరికొచ్చి, "ఏమైందమ్మా, ఎవరన్నా పోయారా?" అని అడిగింది.

మా ఆయన సిగ్గుపడి, "ఊరుకో, అందరూ చూస్తున్నారు," అని నా చేతిలోంచి గ్లాసు తీసుకోబోయారు.

"దాన్ని ఏడవనియ్‌రా. నువ్వు అవతలికి పో," అంది అత్తమ్మ. ఆయన గ్లాసు వదిలేసి దూరంగా వెళ్ళి నిలబడ్డారు. అత్తమ్మ నా పక్కన బల్ల మీద కూర్చుని, అడిగినావిడతో, "ఎవరూ పోలేదమ్మా. అందరం ఉన్నాం," అని చెప్పింది. రైలు వచ్చేదాకా నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసి, పట్టాల వైపు చూస్తూ కూర్చుంది.